పుష్కాష్‌ని కారులో తిప్పిన కుర్రాడు

ఫుట్‌బాల్ కోచ్ యాంజ్ పోస్టెకోగ్లూ అనగానే అందరూ 2025 మేలో ఆయన కోచింగ్‌లో లండన్ క్లబ్బు టాటెన్‌హామ్ గెలిచిన యూరోపా లీగ్ ట్రోఫీ గురించే మాట్లాడతారు. మెల్‌బోర్న్‌లో ఉంటున్న నాకు మాత్రం ఆయన ఇక్కడ గడిపిన రోజులే ఎక్కువ ఇష్టం.

పుట్టింది ఏథెన్స్‌లో, 1965లో. గ్రీసులో సైన్యం గద్దెనెక్కాక వాళ్ల నాన్న వ్యాపారం పోయింది. 1970లో భార్యాబిడ్డలతో ఓడెక్కి మెల్‌బోర్న్ చేరాడు. అప్పటికి యాంజ్‌కి ఐదేళ్లు. ఇక్కడ నాన్నకి ఎప్పుడూ పనే. తీరిక దొరికితే కొడుకుని గ్రీకువాళ్ల క్లబ్బు సౌత్ మెల్‌బోర్న్ హెలాస్ ఆటకి తీసుకెళ్లేవాడు. నాన్నకి దగ్గరవడానికే ఫుట్‌బాల్ పట్టుకున్నానని యాంజ్ చెబుతుంటాడు. మా వాడిని శనివారాలు గ్రౌండ్‌కి తీసుకెళ్తుంటాను కాబట్టి, ఆ మాట నా మనసులో నాటుకుపోయింది.

అదే క్లబ్బుకి యాంజ్ లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్), కెప్టెన్ అయ్యాడు. 1989లో కోచ్‌గా ఫెరెంక్ పుష్కాష్ వచ్చాడు! 1956లో సోవియట్ ట్యాంకులు హంగరీ తిరుగుబాటును అణిచేశాక స్వదేశానికి వెళ్లకుండా ఉండిపోయిన ఆటగాడు. 1960 యూరోపియన్ కప్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్‌కి నాలుగు గోల్స్ కొట్టినవాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ ఏథెన్స్‌లో పనాథినైకోస్‌కి కోచ్‌గా చేశాడు కాబట్టి గ్రీకు వచ్చు. అందుకని ఆయన్ని కారులో ప్రాక్టీసుకి తీసుకెళ్లడం, ఆయన చెప్పింది జట్టుకి ఇంగ్లీషులో చెప్పడం కెప్టెన్ పని అయింది. దేశం వదిలొచ్చిన ఇద్దరు, మెల్‌బోర్న్ రోడ్ల మీద, గ్రీకులో, ఫుట్‌బాల్ గురించి! అంతకు మించిన కోచింగ్ కోర్సు ఉంటుందా? వాళ్లెన్ని కొట్టినా మనం ఇంకొకటి ఎక్కువ కొడదాం అన్నది పుష్కాష్ ధోరణి. 1991లో ఆ జట్టు జాతీయ లీగ్ ఛాంపియన్ అయింది.

మోకాలి దెబ్బతో యాంజ్ 27 ఏళ్లకే ఆట మానేశాడు. కోచ్‌గా ఆస్ట్రేలియా క్లబ్బు బ్రిస్బేన్ రోర్‌ని వరసగా 36 మ్యాచ్‌లు ఓడకుండా నడిపించాడు. 2015లో ఆస్ట్రేలియాకి ఆసియా కప్, 2019లో యోకొహామాకి జపాన్ లీగ్, ఆ తర్వాత స్కాట్లండ్ క్లబ్బు సెల్టిక్‌కి ఒకే సీజన్లో మూడు ట్రోఫీలు తెచ్చాడు.

2023లో టాటెన్‌హామ్ కోచ్ అయ్యాడు. ఆ నవంబర్‌లో చెల్సీతో ఆటలో ఇద్దరికి రెడ్ కార్డులు పడి టాటెన్‌హామ్ తొమ్మిది మందితో మిగిలింది. అయినా డిఫెన్స్‌ని తమ గోల్ దగ్గరికి వెనక్కి లాగకుండా, మైదానం మధ్య గీత దగ్గరే నిలబెట్టాడు. 4-1తో ఓడారు. మొండితనం అన్నారు చాలామంది. నాకు ఆ రాత్రి పుష్కాష్ శిష్యుడు కనిపించాడు. 17 ఏళ్ల తర్వాత ఆ క్లబ్బుకి ట్రోఫీ తెచ్చిపెట్టినవాడిని పదహారు రోజులకే తీసేశారు. అదే సీజన్లో ఇంగ్లండ్ లీగ్‌లో 17వ స్థానం అంటే చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. అయినా ఆయనకి ఇంకో సీజన్ ఇచ్చి ఉండాల్సింది.