బయోఇండికేటర్స్ చాప్టర్ నాకు ఎలా పట్టుబడిందంటే

నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్‌కి చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నా అనుభవం ఒకటి చెప్పాలి. నాకు రెండుసార్లు నెట్ పోయింది. రెండోసారి పోయాక తప్పులన్నీ ముందేసుకుని చూస్తే, బాగా వచ్చనుకున్న చోటే దెబ్బ తగిలింది. బయోఇండికేటర్స్, అంటే జీవులను చూసి నీటి నాణ్యత చెప్పే చాప్టర్ అది. ట్యూబిఫెక్స్ (బురదలో ఉండే సన్నటి పురుగు) ఉంటే కలుషితం, స్టోన్‌ఫ్లై (ఒక రెక్కల పురుగు, దాని పిల్లలు నీళ్లలో ఉంటాయి) ఉంటే శుభ్రం అని పట్టిక మొత్తం బట్టీ పట్టాను. ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే ఆ పట్టిక ఎందుకూ పనికిరాలేదు.

ఒక మాక్ టెస్ట్‌లో ఇలా అడిగారు: లోతైన రిజర్వాయర్ అడుగున కైరోనమస్ (దోమలాంటి ఒక ఈగ) లార్వాలే ఎక్కువగా దొరికాయి, అంతమాత్రాన మురుగు కలుస్తోందని చెప్పొచ్చా? చెప్పొచ్చని పెట్టాను. తప్పు. ఎందుకు తప్పో నోట్స్‌లో దొరకలేదు. మా ఊరి చెరువు దగ్గర అర్థమైంది.

సెలవులకు ఇంటికెళ్లినప్పుడు చాయ్ జాలి, తెల్ల ప్లాస్టిక్ ట్రే పట్టుకుని చెరువుకు పోయాను. ఊరి మోరీ కలిసే మూలన గుప్పెడు బురద తీసి, జాలిలో కడిగి ట్రేలో పోశాను. కాసేపటికి సన్నటి ఎర్రదారం ముక్క లాంటిది కదిలింది. ఒక్కసారిగా మెలికపడి, ఎనిమిది అంకెలా చుట్టుకుని, మళ్లీ విప్పుకుంది. కైరోనమస్ లార్వా. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గినా, ఉన్న కాస్తనూ పట్టుకోగలదు. అవతలి ఒడ్డున, నాచు మధ్య తూనీగ పిల్ల దొరికింది గానీ ఈ మూలన ఒక్కటీ లేదు.

అంటే ఆ పురుగు మనకు చెప్పేది మురుగు గురించి కాదు, ఆక్సిజన్ గురించి. ఎండాకాలం లోతైన రిజర్వాయర్‌లో పైన వెచ్చని నీళ్లు, అడుగున చల్లని నీళ్లు కలవకుండా పొరలుగా నిలుస్తాయి. గాలి కిందికి దిగదు. చచ్చి అడుగుకు చేరిన శైవలాలు (నీటి నాచు), కొత్త డ్యామ్ అయితే మునిగిన చెట్లు కూడా, కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్‌ని తినేస్తాయి. మురుగు చుక్క కలవకపోయినా అక్కడ ఎక్కువగా మిగిలేవి ఎర్ర లార్వాల్లాంటివే. జర్మనీలో థీనెమాన్ అనే శాస్త్రవేత్త సరస్సులను టానిటార్సస్ సరస్సులు (అడుగున ఆక్సిజన్ బాగా ఉన్నవి), కైరోనమస్ సరస్సులు (తక్కువ ఉన్నవి) అని విడదీసింది ఈ తేడా పట్టుకునే. దీని తర్వాత ఆ చాప్టర్‌లో ప్రతి జీవి దగ్గరా ఆగి, ఇది ఊపిరి ఎట్లా తీసుకుంటుంది అని అడగడం మొదలుపెట్టాను. ట్యూబిఫెక్స్ తల బురదలో పెట్టి తోక ఊపేది ఆక్సిజన్ కోసమే అని తెలిశాక దాన్ని బట్టీ పట్టాల్సిన పనే లేదు.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం: ఏ ఇండెక్స్ (జీవులను బట్టి నీటికి మార్కులేసే పద్ధతి) చూసినా, అది పారే నీళ్లకు పుట్టిందా, నిలిచిన నీళ్లకా? బీఎండబ్ల్యూపీ అనే ఇండెక్స్ బ్రిటన్‌లో నదుల కోసం తయారైంది. నీళ్లలో దొరికే జీవుల్లో ఒక్కో కుటుంబానికి (ఫ్యామిలీకి) 1 నుంచి 10 వరకు స్కోరు, ఒక్కో కుటుంబాన్ని ఒక్కసారే లెక్కపెడతారు. లిబెల్లులిడే (తూనీగలు) 8, బీటిడే (మేఫ్లైలు) 4, లిమ్నియిడే (నత్తలు) 3, కైరోనమిడే (మన ఎర్ర లార్వాలవి) 2 అనుకోండి. మొత్తం 17, నాలుగుతో భాగిస్తే సగటు 4.25. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ స్కోరుకు వైవిధ్య సూచికను (ఎన్ని రకాల జీవులున్నాయో చెప్పే అంకెను) జోడించి ఏ నుంచి ఈ వరకు తరగతులు పెట్టింది.

దీన్ని రిజర్వాయర్‌కు యథాతథంగా వాడితే వచ్చే చిక్కు నాకు కరీంనగర్ దగ్గరి లోయర్ మానేరు డ్యామ్ కట్ట మీద కనిపించింది. వానాకాలం తర్వాత నీళ్లు నిండుగా ఉన్న ఒడ్డు, మే నెలలో పగుళ్లిచ్చిన మట్టి. కదల్లేని నత్తలు అక్కడే ఎండిపోతాయి. ఒడ్డున జీవులు తగ్గాయంటే అది నీటిమట్టం దిగడం వల్ల కూడా కావచ్చు, కాలుష్యమే కానక్కర్లేదు.

అందుకే రిజర్వాయర్ ప్రశ్న అనగానే ప్లవకాల (నీళ్లలో తేలే సూక్ష్మజీవుల) వైపు కూడా చూడండి. 1969 నాటి పామర్ ఇండెక్స్ (దొరికిన శైవలాలకు మార్కులేసి కలిపేది) తప్పకుండా చేత్తో వేసి చూడండి. యూగ్లీనా 5, ఆసిలటోరియా 5, సీనెడెస్మస్ 4, నావిక్యులా 3, నిట్షియా 3. కలిపితే సరిగ్గా 20, అంటే సేంద్రియ కాలుష్యం ఎక్కువ. 15 నుంచి 19 అయితే ఉండొచ్చు అని. నీళ్లలో పోషకాలు, శైవలాలు ఎంత పెరిగాయో చెప్పే కార్ల్‌సన్ ఇండెక్స్‌కి (1977) సెక్కీ లోతు (నీళ్లలోకి దించిన పళ్లెం కనబడే లోతు), క్లోరోఫిల్-ఏ, మొత్తం ఫాస్ఫరస్ గుర్తుంటే చాలు. కోలిఫామ్ (మలం కలిసిందని సూచించే బాక్టీరియా) పరిమితులు మాత్రం బట్టీయే, వేరే దారి లేదు. నీటి వాడకాన్ని బట్టి పెట్టిన తరగతుల్లో (ఇవి పైన చెప్పినవి కావు) ‘ఏ’కి 100 మిల్లీలీటర్లకు 50, ‘బీ’కి 500, ‘సీ’కి 5000.

మూడోసారి నెట్ వచ్చింది. ఈ చాప్టర్ దగ్గర పేజీ తిప్పినప్పుడల్లా వచ్చే టెన్షన్ అప్పటికే పోయింది.

మీ దగ్గర్లో చెరువు ఉంటే ఒక్క పొద్దున్న పోయి రండి. లోపలికి దిగకండి, ఒడ్డు నుంచే తీయండి. మోరీ నీళ్లు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోండి. చూడటం అయ్యాక ట్రేలోవి ఎక్కడివక్కడే వదిలేయండి.