చీకట్లో కాసేపు కూర్చుంటే
జపాన్‌లో నావోషిమా దీవికి వెళ్ళినప్పుడు మినామిదెరా చూశాం, 1999లో ఆర్కిటెక్ట్ తడావో ఆండో డిజైన్ చేసిన చెక్క బిల్డింగ్, లోపల ఆర్టిస్ట్ జేమ్స్ టరెల్ పెట్టింది వెలుతురు ఒక్కటే. గోడ తడుముకుంటూ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాం, అమావాస్య రాత్రి కరెంటు పోయినా అంత చీకటి ఉండదు, కళ్ళు తెరిచానో మూశానో కూడా తెలీలేదు నాకు. కొన్ని నిమిషాలయ్యాక ఎదురుగా పలచగా బూడిదరంగు తేలింది, మెల్లగా అది ఇంత పెద్ద దీర్ఘచతురస్రం అయింది. లైట్ ఎవరూ పెంచలేదట! మేం లోపలికొచ్చినప్పటి నుంచీ అది అంతే ఉంది, మా కళ్ళే చీకటికి అలవాటు పడ్డాయి (కంట్లో మసక వెలుతుర్లో చూపునిచ్చే రాడ్ కణాలు పూర్తిగా సర్దుకోడానికి అరగంట దాకా పడుతుంది మరి). దగ్గరికెళ్ళి చెయ్యి చాపితే గోడ తగల్లేదు, అంతా ఖాళీ, నాకైతే ఒళ్ళు జలదరించింది. వెలుతురు మీద ఎన్ని కవితలు చదివినా ఇలా ఒంటికి తెలియడం వేరు. అటు వెళ్ళేవాళ్ళు మ్యూజియంల హడావిడిలో దీన్ని మాత్రం వదిలెయ్యకండి ప్లీజ్.