నాచు మాత్రలతో బరువు తగ్గాలంటే, ముందు డబ్బా వెనక్కి తిప్పండి

'నాచు బరువు తగ్గిస్తుందా?' అని అడగడం 'మాత్ర వేసుకుంటే తగ్గుతుందా?' అని అడగడం లాంటిదే. ఏ మాత్ర, ఏ జబ్బుకు? నాచు పేరుతో అమ్ముడయ్యేవాటిలో సగం ఒకదానికొకటి చుట్టాలు కూడా కావు. స్పిరులినా నిజానికి నాచే కాదు, సయనోబ్యాక్టీరియా, అంటే మొక్కల్లా ఎండతో ఆహారం తయారుచేసుకునే బ్యాక్టీరియా. క్లోరెల్లా ఏకకణ ఆకుపచ్చ నాచు. కెల్ప్ సముద్రంలో పెరిగే గోధుమ నాచు. ఫ్యూకోజాంథిన్ గోధుమ నాచులోంచి తీసే రంగు పదార్థం, ఆల్జినేట్ అదే నాచులోని పీచు. ఇవి శరీరంలో చేసే పనులు వేరు, తెచ్చిపెట్టే ఇబ్బందులూ వేరు.

మనుషుల మీద ఎక్కువ పరీక్షలు జరిగింది స్పిరులినా మీద. అలాంటి పరీక్షలను కలిపి లెక్కగట్టిన 2019 నాటి విశ్లేషణలో, వాడనివాళ్లతో పోలిస్తే బరువులో తేలిన తేడా సగటున ఒకటిన్నర కిలో. ఈ పరీక్షల్లో ఎక్కువగా వాడిన మోతాదు రోజుకు 1 నుంచి 4.5 గ్రాములు. ఆ ఒకటిన్నర కిలో 12 వారాల్లో తగ్గిందనుకుందాం. కిలో కొవ్వుకు 7,700 క్యాలరీల చొప్పున లెక్కేస్తే రోజుకు సుమారు 137 క్యాలరీలు. అంటే చక్కెర వేసిన ఒక చల్లని పానీయం మానేసినంత. వారానికి 125 గ్రాములు. నీరు, ఉప్పు వల్లే మన బరువు ఒక్క రోజులో కిలో అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, 'వారంలోనే తేడా కనిపించింది' అనే మాటను నమ్మలేం.

ప్రొటీన్ సంగతీ అంతే. ఎండు స్పిరులినాలో 100 గ్రాములకు 57 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. డబ్బా మీద పెద్దక్షరాలతో వేసేది ఈ అంకెనే. కానీ 100 గ్రాములు ఎవరు తింటారు? 500 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేసుకుంటే 3 గ్రాములు, వాటిలో ప్రొటీన్ 1.7 గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములుంటుంది. ఆకలి తీర్చేంత ప్రొటీన్ ఈ మాత్రల్లో లేదు, కాబట్టి భోజనం మానేసి వీటితో సరిపెట్టుకోవడం కుదరదు. బీ12 కోసమూ స్పిరులినాను నమ్ముకోకండి. అందులో ఉన్నది చాలావరకు మన శరీరం వాడుకోలేని నకలు రూపం.

ఫ్యూకోజాంథిన్ పేరు మోగడానికి మూలం 2005లో ఎలుకల మీద వచ్చిన ఫలితం. వాటి కొవ్వు కణాల్లో శక్తిని వేడిగా మార్చే ప్రొటీన్ పెరిగింది. ఎలుకల్లో కనిపించింది మనుషుల్లోనూ జరుగుతుందని లేదు, పైగా మన పేగులు దీన్ని పీల్చుకునేది తక్కువ. 2010లో మహిళల మీద చేసిన పరీక్షలో బాగా బరువు తగ్గిన మాట నిజమే. అయితే వాళ్లకిచ్చింది నాచు సారంతో పాటు దానిమ్మ గింజల నూనె, దాని మీద 1,800 క్యాలరీల ఆహార నియమం. ఇందులో దేని వాటా ఎంతో విడదీయలేం.

ఆల్జినేట్ సూత్రం మాత్రం సూటిగా ఉంటుంది. కడుపులో జెల్‌లా ఉబ్బి నిండుగా అనిపిస్తుంది. డెన్మార్క్‌లో తక్కువ క్యాలరీల ఆహారంతో కలిపి 12 వారాలు పరీక్షించి, ఫలితాలు 2012లో ప్రకటించారు. చివరిదాకా నిలబడినవాళ్లు 6.8 కిలోలు తగ్గితే, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లు 5 కిలోలు తగ్గారు. మధ్యలో మానేసినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా గట్టిగా నిలబడలేదు. ఈ పొడి తక్కువ నీళ్లతో మింగితే గొంతులోనే ఉబ్బుతుంది. పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది కెల్ప్ విషయంలో. 'థైరాయిడ్‌ను చురుకు చేసి కొవ్వు కరిగిస్తుంది' అని అమ్ముతారు. పెద్దలకు రోజుకు కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. సురక్షిత పరిమితి ఐరోపా లెక్కలో 600, అమెరికా లెక్కలో 1,100. గోధుమ నాచుల్లో ఒక్క గ్రాములోనే అయోడిన్ పదుల మైక్రోగ్రాముల నుంచి వేల మైక్రోగ్రాముల దాకా మారుతుంది. జాతిని బట్టి, కోసిన కాలాన్ని బట్టి, ఎండబెట్టిన తీరును బట్టి ఆ తేడా. అయోడిన్ లోపం లేనివాళ్లలో ఇంకా ఎక్కువైతే థైరాయిడ్ వేగం సాధారణంగా పుంజుకోదు. కొందరిలో హార్మోన్ తయారీయే మందగిస్తుంది. అప్పుడు బరువు పెరుగుతుంది! మాత్రకు ఎన్ని మైక్రోగ్రాముల అయోడినో రాయని కెల్ప్ డబ్బాను షెల్ఫ్‌లోనే వదిలేయండి.

ఇక నాణ్యత. బహిరంగ చెరువుల్లో పెరిగే స్పిరులినా స్వయంగా మైక్రోసిస్టిన్ అనే కాలేయ విషాన్ని తయారు చేయదు. కానీ పక్కన వేరే సయనోబ్యాక్టీరియా చేరితే ఆ విషం పంటలో కలుస్తుంది. అమెరికాలోని క్లామత్ సరస్సులో సహజంగా పెరిగే నీలి ఆకుపచ్చ నాచుతో వచ్చిన ఇబ్బంది ఇదే. దాంతో ఒరెగాన్ రాష్ట్రం 1997లో గ్రాముకు 1 మైక్రోగ్రాము అని పరిమితి పెట్టింది. నీటిలో సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం ఉంటే నాచు వాటినీ పీల్చుకుంటుంది. అందుకని అమ్మేవాళ్లను అడగాల్సింది మీ చేతిలోని డబ్బా బ్యాచ్ నంబరుకు చెందిన ల్యాబ్ రిపోర్టు. అందులో ఈ నాలుగు లోహాలు, మైక్రోసిస్టిన్, బ్యాక్టీరియా లెక్క ఉండాలి. నిరుటి రిపోర్టు చూపిస్తే లెక్కలోకి రాదు. 'ప్రత్యేక మిశ్రమం' అని రాసి ఏది ఎన్ని మిల్లీగ్రాములో దాచేవాటిని పక్కన పెట్టండి. చాలాసార్లు అక్కడ పనిచేసేది కెఫీన్, నాచు కాదు. బరువు మరీ వేగంగా తగ్గుతుంటే ఇంకా అనుమానించాలి. బరువు తగ్గించే సప్లిమెంట్లలో రహస్యంగా కలిపిన సిబుట్రమిన్ (ఆకలి తగ్గించే మందు) లాంటి మందులు చాలాసార్లు బయటపడ్డాయి.

ఇంట్లో చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. అర గ్రాము స్పిరులినా పొడిని గది వేడిమి నీళ్లలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. పైన తేరిన నీటికి నీలం రంగు దిగితే స్పిరులినాలోని నీలి రంగు పదార్థం ఫైకోసయనిన్ మిగిలి ఉన్నట్టు. నీలమే దిగకపోతే పొడి అతి వేడిలో ఎండిందో, పాతబడిందో అనుకోవచ్చు. లోహాలు, విషాలు మాత్రం ఇందులో తెలియవు.

అన్నీ చూసుకుని స్పిరులినా వాడదలిస్తే మొదటి వారం రోజుకు 1 గ్రాము, ఇబ్బంది లేకపోతే 3 గ్రాముల దాకా. మరిగే వాటిలో కలపకండి. కడుపుబ్బరం, వికారం వస్తే మోతాదు తగ్గించండి. మలం ఆకుపచ్చగా మారితే కంగారు అక్కర్లేదు. ఫెనైల్‌కీటోన్యూరియా (ప్రొటీన్‌లోని ఫెనైల్‌అలనిన్‌ను శరీరం సరిగా వాడుకోలేని పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు వాడకూడదు. రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లకు విటమిన్ కె ఎక్కువగా ఉండే క్లోరెల్లా ఇబ్బందే.

బరువు రోజూ ఉదయం ఒకే వేళకు చూసుకుని, ఏడు రోజుల సగటు రాసుకోండి. పన్నెండో వారం సగటును మొదటి వారం సగటుతో పోల్చండి. ఆ మధ్యలో తిండి, నడక కూడా మార్చి ఉంటే ఫలితాన్ని నాచు ఖాతాలో వేయకండి.