డబ్బా కొట్టుకోవడం రాని నాకు ఓ-1 వీసా వచ్చిన కథ

"మీది అసాధారణ ప్రతిభ అని నిరూపించాలి" అని లాయర్ అన్నప్పుడు నవ్వు ఆపుకోలేకపోయాను. పదహారేళ్లుగా నేను చేస్తున్నది లారీలు తిప్పడం. సరుకు రవాణా కంపెనీలో ఆపరేషన్స్ హెడ్‌ని. సరుకు దించిన చోటి నుంచి లారీ ఖాళీగా రాకుండా రిటర్న్ లోడ్ ముందే కుదిర్చే పద్ధతి ఒకటి తయారు చేశాను. అది పనిచేసింది. ఇందులో ప్రతిభ ఏముంది, అవసరం కొద్దీ చేశాం కదా అనుకునేవాడిని.

అమెరికాలో ఇదే రంగంలో ఉన్న ఒక కంపెనీ నాకు ఆఫర్ ఇచ్చి, హెచ్-1బి లాటరీలో రెండేళ్లు వరసగా నా పేరు వేసింది. ఏటా 85,000 వీసాలు, పోటీలో లక్షల మంది. రెండుసార్లూ తగల్లేదు. అప్పుడు వాళ్ల లాయర్ ఓ-1ఏ సంగతి ఎత్తారు, అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకి ఇచ్చే ఓ-1 వీసాలో అదొక రకం. 1990 నాటి ఇమిగ్రేషన్ చట్టంతో వచ్చిన వీసా ఇది. సైన్స్, విద్య, వ్యాపారం, క్రీడలు, ఈ నాలుగు రంగాల వాళ్లకి. లాటరీ లేదు, ఏడాదికి ఇన్నే అన్న లెక్కా లేదు. కాకపోతే మనంతట మనం వేసుకోలేం. అమెరికాలోని కంపెనీయో, ఏజెంటో మన తరఫున ఐ-129 అనే ఫారంతో అమెరికా ఇమిగ్రేషన్ శాఖకు పిటిషన్ వేయాలి.

నోబెల్ స్థాయి బహుమతి ఉంటే అదొక్కటే చాలు. లేని మాలాంటి వాళ్లకి ఎనిమిది అర్హతల జాబితా ఉంది, అందులో కనీసం మూడు చూపించాలి. జాబితా చదివితే అది శాస్త్రవేత్తల కోసం రాసినట్టు ఉంటుంది. వాళ్ల పని జర్నల్ వ్యాసాల్లో కనబడుతుంది. వ్యాపారంలో పని చేసినవాడి పని ఎక్కడ కనబడుతుంది? పాత ఎక్సెల్ షీట్లలో, ఎవరో డిలీట్ చేసేసిన ఈమెయిళ్లలో.

మొదట నేను గర్వంగా తీసినవన్నీ పక్కకు పోయాయి. కంపెనీ ఇచ్చిన 'ఉత్తమ ఉద్యోగి' షీల్డు పనికిరాదు, బయట గుర్తింపు ఉన్న బహుమతి కావాలి. డబ్బు కడితే ఎవరికైనా ఇచ్చే సంఘ సభ్యత్వమూ అంతే. నేను లెక్కలోకే తీసుకోనిది మాత్రం పనికొచ్చింది. మూడేళ్ల క్రితం లాజిస్టిక్స్ స్టార్టప్‌ల పోటీకి జడ్జిగా వెళ్లాను. ఇతరుల పనిని అంచనా వేయడం ఆ ఎనిమిదిలో ఒకటి. ఆహ్వానం ఈమెయిల్ చూపిస్తే లాయర్ తల అడ్డంగా ఊపారు. పిలిచారు సరే, వెళ్లి జడ్జి చేశారని రుజువేది? రెండు రాత్రులు పాత ఫోన్ వెతికితే, నా చేతిరాతతో మార్కులు వేసిన స్కోర్ షీట్ ఫోటో దొరికింది. కింద సంతకం, పక్కన టీ మరక. దానికి నిర్వాహకుల లేఖ జత చేశాం. ఆ మరకతోనే ఫైల్లోకి వెళ్లింది.

జీతం విషయంలో ఒక భయం తీరింది. ఎక్కువ జీతం కూడా ఒక అర్హతే, కానీ మన జీతాన్ని డాలర్లలోకి మార్చి అమెరికా వాళ్లతో పోల్చరు. పనిచేసిన చోట అదే పని చేసేవాళ్లతో పోలుస్తారు.

అసలు కష్టం సిఫార్సు లేఖలతో వచ్చింది. ఏడుగురిని అడిగాను. నా పాత బాస్ ప్రేమగా రెండు పేజీలు రాసి పంపారు. "చాలా కష్టపడే మనిషి, నిజాయతీపరుడు, టీమ్‌ని కుటుంబంలా చూసుకుంటాడు." చదివి నాకు కళ్లు చెమర్చాయి. లాయర్ మొత్తం ఎర్ర గీతలు పెట్టి తిప్పి పంపారు. మంచివాడని వీసా ఇవ్వరు. ఏం చేశాడు, దాంతో ఏం మారింది, అంకె ఎంత, అది చెప్పాలి. పైగా నాతో ఎప్పుడూ పనిచేయని వాళ్లు రాసిన లేఖలకు బరువు ఎక్కువ. మా పద్ధతిని వేరే రెండు కంపెనీలు కూడా వాడుతున్నాయి. అందులో ఒకాయన నన్ను చూసింది ఒక్కసారే. ఆయన రాసిన పేజీన్నర లేఖే కేసుకి వెన్నెముక అయింది.

ఇవి కాక మన రంగంలోని వాళ్ల నుంచి కేసు మీద అభిప్రాయం చెప్పే లేఖ ఒకటి జత చేయాలి. అదేమంత ఇబ్బంది పెట్టలేదు.

నాలుగు వందల పైచిలుకు పేజీలతో పిటిషన్ వెళ్లింది. త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్‌కి అప్పట్లో 2,805 డాలర్లు, కంపెనీయే కట్టింది. 15 పనిదినాల్లో ఏదో ఒక జవాబు వస్తుంది. 'ఏదో ఒక' అన్న మాట నేను సరిగ్గా వినలేదు. పదకొండో రోజు వచ్చింది ఆర్‌ఎఫ్‌ఈ, అంటే ఇంకా ఆధారాలు కావాలని నోటీసు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తెల్లారి చల్లగా చదివితే ఇమిగ్రేషన్ వాళ్లు అడిగింది న్యాయంగానే ఉంది. కంపెనీ పేరున్నదని ఒప్పుకున్నారు, అందులో నా పాత్ర కీలకమని ఎక్కడ ఉంది అన్నారు. తప్పు నాదే. ఎక్కడ చూసినా "మేము చేశాం", "మా టీమ్ సాధించింది" అని రాసుకున్నాను. మర్యాద అనుకున్నది కేసుకి గొయ్యి తవ్వింది.

జవాబుకి 84 రోజుల వరకు గడువు ఇస్తారు. మాకు ఐదు వారాలు పట్టింది. ఎవరు ఎవరి కింద పనిచేసేవాళ్లో చూపే చార్టు, నా ప్రతిపాదన మీద చర్చ జరిగిన బోర్డు మీటింగ్ మినిట్స్, పద్ధతి మొదలుపెట్టక ముందూ తర్వాతా ఖాళీగా తిరిగిన కిలోమీటర్ల లెక్క పెట్టాం. మినిట్స్‌లో రహస్యాలన్నీ నల్లగా కొట్టేస్తే మిగిలింది నా పేరు, నాలుగు వాక్యాలు. ఆ నాలుగే కావలసింది. జవాబు అందాక 15 పనిదినాల లెక్క మళ్లీ మొదటినుంచి మొదలైంది. పన్నెండో రోజున ఆమోదం వచ్చింది, మూడేళ్లకి. ఆ తర్వాత పొడిగింపు మామూలుగా ఏడాది చొప్పునే.

కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఏం చేస్తారు అని అడిగితే, లారీలు ఖాళీగా తిరగకుండా చూస్తాను అన్నాను. ఆ అధికారి నవ్వి, ఇంకో ప్రశ్న వేసి, వీసా వేయడానికి పాస్‌పోర్ట్ ఉంచుకున్నారు. నాలుగు వందల పేజీల్లో ఒక్కటీ అడగలేదు.

ఒక్క విషయం మాత్రం నేను మొదటి రోజే అడగాల్సింది. భార్యకో భర్తకో వచ్చేది ఓ-3. దాని మీద అక్కడ ఉండొచ్చు, చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. ఇది నాకు ఆమోదం వచ్చాక తెలిసింది. మా ఆవిడ చార్టర్డ్ అకౌంటెంట్, పన్నెండేళ్ల ప్రాక్టీసు. విని ఏమీ అనలేదు, రాత్రి ఆ రూల్ ఉన్న పేజీ తనే వెతికి చదువుకుంది. నా టికెట్ వచ్చే నెల ఎనిమిదిన. తన టికెట్ ఇంకా తీయలేదు.