3,500 రూపాయల లెక్క

మా మేనల్లుడికి పుట్టుకతోనే వినికిడి లోపం ఉంది. గాజువాక దగ్గర ప్రభుత్వ పాఠశాలలో ఆరో తరగతి చదువుతున్న అతడి కోసం సర్కారు ఎంత ఖర్చు పెట్టగలదో మొన్న అక్కతో కూర్చుని లెక్క వేశాను. సమగ్ర శిక్షా పథకం కింద ప్రత్యేక అవసరాలు గల ఒక్కొక్క విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయించే వీలుంది. ఉపకరణాలు, ప్రయాణ భత్యం, బ్రెయిలీ పుస్తకాలు వంటివన్నీ అందులోనే సర్దుకోవాలి. ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలల ఉపకార వేతనం ఉంది. పథకం ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, మన రాష్ట్రానిది 40.

వినికిడి యంత్రం ఉచితంగానే వచ్చింది. అయితే దాని బ్యాటరీ చిన్న బొత్తామంత ఉంటుంది. పైన అంటించిన నీలం రంగు అతుకు పీకగానే గాలి తగిలి పని మొదలుపెట్టి, యంత్రం వాడినా వాడకపోయినా కొద్ది వారాల్లోనే అయిపోతుంది. ఆ ఖర్చు నెలనెలా అక్కదే. ఏనుగునిచ్చి అంకుశానికి తగవులాడినట్లుంది నాకు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. ఆ శాతం రాసిన ధ్రువపత్రం కోసమే అక్క, కూలి పోగొట్టుకుని, మూడుసార్లు ఆసుపత్రికి తిరిగింది. బ్యాటరీల సంగతి పాఠశాల తల్లిదండ్రుల కమిటీలో లిఖితపూర్వకంగా పెట్టమన్నాను. అర్జీ నేనే రాసిచ్చాను.