అపెండిక్స్ తీసేసిన చోటే మళ్లీ నొప్పి

పల్లెల్లో ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి అనే అపెండిసైటిస్‌కు నాకు డిగ్రీ చదివే రోజుల్లోనే ఆపరేషన్ అయింది. అందువల్ల నలభై దాటాక పొత్తికడుపు కుడివైపున, సరిగ్గా ఆ చోటే, నొప్పితో పాటు జ్వరం మొదలైనప్పుడు ఇంట్లో అందరూ మూత్రనాళంలో రాయి అనే అనుకున్నారు. ఆసుపత్రిలో సర్జన్ నొక్కి చూసి, పాత కుట్ల మచ్చ చూపిస్తూ, "ఇది లేకపోతే అపెండిక్స్ అనే అనుకునేవాళ్లమండీ" అన్నారు.

సీటీ స్కాన్‌లో డైవర్టిక్యులైటిస్ అని తేలింది. పెద్దపేగు గోడలోని కండరాన్ని రక్తనాళాలు చీల్చుకొని వెళ్లే బలహీనమైన చోట్ల లోపలి పొర బయటికి ఉబ్బి చిన్న తిత్తులు ఏర్పడతాయి. వాటిలో ఒకటి వాచితే వచ్చే జబ్బు ఇది. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా ఎడమవైపు వస్తుంది గానీ, ఆసియా వాసుల్లో కుడివైపు రావడం అరుదు కాదు. నాకు వాచిన తిత్తి, అపెండిక్స్ మొదలయ్యే సీకమ్ (పెద్దపేగు మొదటి భాగం) గోడ మీదే ఉంది.

ఈ రెండు జబ్బులకూ చుట్టరికం ఉందా అని సర్జన్‌ను అడిగాను. రెండూ ఒక వైపు మూసుకుపోయిన సన్నని సంచుల్లోనే వస్తాయని, గట్టిపడిన మలం అడ్డుపడటం రెండింటిలోనూ కనిపిస్తుందని ఆయన చెప్పారు. పీచు తక్కువైన తిండే తిత్తులకు కారణమని 1971లో బ్రిటన్‌లో పెయింటర్, బర్కిట్ అనే ఇద్దరు సర్జన్లు వాదించారు. అపెండిసైటిస్‌కూ బర్కిట్ అదే కారణం చెప్పారు. అమెరికా ఆసుపత్రుల రికార్డులను పరిశీలించి 2011లో వెలువడిన ఒక అధ్యయనం, చిల్లుపడని అపెండిసైటిస్, చిల్లుపడని డైవర్టిక్యులైటిస్ ఏళ్ల తరబడి దాదాపు కలిసే పెరుగుతూ తగ్గుతూ వచ్చాయని చూపి, రెండింటికీ మూలం ఒకటే కావచ్చునని సూచించింది. అయితే మొదటిది వచ్చినందువల్లే నాకు రెండోది వచ్చిందని దీన్నిబట్టి అనలేం.

చీము గానీ చిల్లు గానీ లేనందున కోత అవసరం రాలేదు. సెలైన్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, తర్వాత జావ, మజ్జిగన్నం, వాపు తగ్గాక నెమ్మదిగా కూరగాయలు. పరామర్శకు వచ్చిన ప్రతివారూ పల్లీలు మానమన్నారు. వేల మంది అమెరికన్ పురుషులపై 2008లో వెలువడిన పరిశీలనలో గింజపప్పులు, మొక్కజొన్న, పాప్‌కార్న్ వల్ల ఈ జబ్బు పెరిగినట్టు కనబడలేదని చెప్పినా మా పెద్దమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

వాపు పూర్తిగా తగ్గాక, క్యాన్సర్ లేదని నిర్ధారించుకోవడానికి కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేశారు. క్యాన్సర్ లేదు. ఆ పక్కనే మరికొన్ని తిత్తులు మాత్రం ఉన్నాయి. నొప్పితో జ్వరం తిరగబెడితే ఈ రిపోర్టుతో, పాత ఆపరేషన్ కాగితంతో వెంటనే రమ్మన్నారు.