టిష్యూ కాగితంతో కుండా, చీనీకాయలూ

రంగురంగుల పల్చని టిష్యూ కాగితం ముక్కలు అంటించి బొమ్మ చేసే పాఠాన్ని అనంతపురంలో ఐదో తరగతి పిల్లలు 24 మందితో నిన్ననే ముగించాను. నా వేళ్ల ఎరుపు ఇంకా వదల్లేదు.

బల్ల మీద ఒక మట్టికుండ, రెండు చీనీకాయలు (బత్తాయిలు), ఒక టమాటా. కిటికీ వెలుతురు ఎడమ పక్క నుంచి. పెన్సిల్ గీతలు పావుగంటలో అయిపోయాయి. వస్తువులు ఒకదాన్నొకటి కొంచెం కప్పేలా పెట్టండి, విడివిడిగా పెడితే సంతలో కుప్పలు పోసినట్టుంటుంది.

టిష్యూ అడిగితే అంగడాయన క్రేప్ కాగితం చేతిలో పెట్టి "రెండూ ఒకటే సార్" అన్నాడు. కానే కాదు. క్రేప్ ముడతలుగా, మందంగా ఉంటుంది, కింది రంగును చూపించదు. టిష్యూ పనంతా కింది రంగు కనపడటంలోనే ఉంది. పసుపు అంటించి, నీడ పక్కన లేత ఆకుపచ్చ వేస్తే చీనీకాయకు గుండ్రదనం వస్తుంది. కుండకు మట్టిరంగు కాగితం వెతక్కండి, నారింజ మీద ఒక పొర నీలం చాలు. ముక్కలు కత్తిరించకుండా అంగుళం, రెండంగుళాల మేర చింపాలి. చింపిన అంచు కింది ముక్కలో కలిసిపోతుంది, కత్తెర అంచు గీతలా నిలుస్తుంది.

ఇక నా పరువు పోయిన ఘట్టం. ఫెవికాల్, నీళ్లు సమానంగా కలిపి ఇచ్చాను. పిల్లలు ముక్క పెట్టి, దాని పైన బ్రష్‌తో మళ్లీ మళ్లీ రుద్దారు. టమాటా ఎరుపు కరిగి పక్కనున్న పసుపులోకి పాకింది. "సార్, చీనీకాయకు నెత్తురు కారతాంది!" అని వెనక బెంచీ నుంచి అరుపు. సరిగ్గా అప్పుడే తల్లిదండ్రులు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

తప్పు పిల్లలది కాదు. ఈ కాగితాల రంగు చాలావరకు తడికి వదిలేదే. నాకు దొరికిన వాటిలో ఎరుపు, ఊదా మరీ మొండివి. కొనగానే తడి వేలితో తెల్లకాగితం మీద రుద్ది చూసుకోవాల్సింది. ఫ్యాన్ వేస్తే ముక్కలు ఎగిరిపోతాయి, ఆపితే చెమట చేతులకే రంగు అంటుతుంది. కాబట్టి ఒక్కొక్కరికి ఒక పొడిగుడ్డ ఇవ్వాలి, ముక్కల మీద గులకరాయి పెట్టించాలి.

రెండోసారి రెండు చెంచాల ఫెవికాల్‌కు ఒక చెంచా నీళ్లే కలిపాను. జిగురును షీటు మీద మాత్రమే పూయించాను, అదీ అరచేయంత మేర. మన ఎండకు అంతకన్నా ఎక్కువ పూస్తే ముక్క పెట్టేలోపే ఆరిపోతుంది. ముక్క పెట్టి, పైన పొడికాగితం వేసి నడిమి నుంచి అంచులకు ఒత్తాలి. లేత రంగులు ముందు, ఎరుపు చిట్టచివర, అదీ కిందివి పూర్తిగా ఆరాకే. షీటు 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) డ్రాయింగ్‌ది తీసుకోండి, చార్టు చుట్ట చుట్టుకుపోతుంది. బ్రష్‌లు వెంటనే నీళ్లలో వెయ్యకపోతే పుల్లలవుతాయి.

పాడైనవి పారెయ్యలేదు. ఎరుపు బొమ్మలోని బల్ల మీదికి పాకిన చోట నీలం అంటిస్తే ఊదారంగు నీడ అయింది. పండు మీదికే పాకిన వాటిని మాత్రం కమలాపండ్లు చేసేశాం.